మందు కొట్టే ముందు మట్ట తిరగేసి చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో ఇంటి మొక్కల మీద వచ్చే ప్రశ్నలు, జవాబులు మేము వదలకుండా చదువుతాం. ఈమధ్య ఒక చెన్నై పాఠకురాలు తమ హాల్లో ఉన్న అరెకా పామ్ ఆకుల కొసలు మాడిపోతున్నాయనీ, కాడల మీద నల్ల చుక్కలు కనిపిస్తున్నాయనీ రాసి, ఏ మందు కొట్టాలని అడిగారు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పదిహేను రోజులకోసారి పిచికారీ చేయమని జవాబు వచ్చింది. ఆ జవాబుతో ఆవిడ మొక్క బాగుపడదు. కొసలు మాడటం ఈ ఊళ్లో చాలావరకు నీళ్ల దోషం. కాడల మీది నల్ల చుక్కలు ఆ మొక్కకు పుట్టుమచ్చల్లాంటివి. ఈ రెండిటికీ పురుగుమందుతో పని లేదు. పైగా కొట్టేది తలుపులు మూసి ఉండే ఏసీ గదిలో. అందుకే ఉత్తరం పొడవైనా వివరంగా రాస్తున్నాం.

ముందు పేరు సంగతి చెప్పాలి. నర్సరీలో అరెకా అని అమ్మే మొక్కకూ మన తాంబూలంలో వక్కకూ పేరులోనే పోలిక. వక్క చెట్టు శాస్త్రీయ నామంలో అరెకా ఉంది. నర్సరీ మొక్క మాత్రం మడగాస్కర్ ద్వీపానికి చెందిన వేరే జాతి, డిప్సిస్ లుటెసెన్స్. వక్క తోటల్లో కాయకుళ్లుకు కొట్టే బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపి చేసే మందు) గురించి చదివి, కుండీలో ఉన్న దీనికి కూడా కొట్టాలేమో అనుకునేవాళ్లు ఉన్నారు. అక్కర్లేదు.

ఇక ఆ చుక్కలు. అరెకా కాడ మొదట్లో, కాండాన్ని చుట్టుకుని ఉండే పసుపురంగు తొడుగు మీద, ఆవగింజ కన్నా చిన్నవి నల్లగా, గోధుమరంగులో చిలకరించినట్టు ఉంటాయి. బొటనవేలి గోరుతో ఒకదాన్ని మెల్లగా గీకండి. గోరుకు ఏమీ తగలకుండా నున్నగా జారిపోతే అది మొక్క సొంత రంగు. వెలుతురు ఎక్కువ తగిలే చోట కాడ మరింత పసుపెక్కుతుంది కాబట్టి చుక్కలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, కొత్తగా పుట్టాయనిపిస్తుంది. అలా కాకుండా గోటికి చిన్న చిప్పలాంటిది ఊడి వచ్చి, అది ఉన్న చోట తడి గానీ లేత మచ్చ గానీ మిగిలితే అది పొలుసు పురుగు. పొలుసు పురుగు ఎక్కువగా ఆకు అడుగున, నడి ఈనె పక్కన వరసగా అంటుకుని ఉంటుంది. పుట్టుచుక్కలకు వరస ఉండదు.

నీళ్ల గురించి ఎక్కువ చెప్పాలి. చెన్నైలో ఒకే ఇంట్లో ఎన్ని రకాల నీళ్లు తిరుగుతాయో చూడండి: మెట్రో వాటర్ (నగర కుళాయి నీళ్లు), బోరు, ట్యాంకరు, అపార్ట్‌మెంట్ సాఫ్ట్‌నర్ దాటి వచ్చేవి, ఆర్వో మంచినీళ్లు, ఆర్వో వదిలేసేవి, ఏసీ పైపులోంచి కారేవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన నీళ్లు. మనకు అన్నీ నీళ్లే, పామ్‌కు మాత్రం కావు. వేరు నీళ్లతో పాటు అందులో కరిగిన ఉప్పునూ లాగుతుంది. ఆకు నీటిని ఆవిరిగా వదిలేస్తుంది, ఉప్పును వదలలేదు. ఆ ఉప్పు ప్రయాణం ఆగేది ఆకు కొసలో, అంచుల్లో. అందుకే మాడటం ఎప్పుడూ కొస నుంచే మొదలై వెనక్కి పాకుతుంది. తాగేనీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 చెప్పే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేనిచోట 2,000 దాకా ఒప్పుకుంటారు. సముద్రం దగ్గరి బోర్లలో ఆ 500 దాటడం మామూలే. మనిషి తట్టుకున్నంత ఉప్పును కుండీలో పామ్ తట్టుకోలేదు, ఎందుకంటే కుండీలో అది రోజురోజుకూ పేరుకుంటుంది.

ఇక్కడే రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. మొదటిది, సాఫ్ట్‌నర్ నీళ్లు మెత్తనివి కదా, మొక్కకు మంచివే అనుకోవడం. సాఫ్ట్‌నర్ సున్నం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. సబ్బు నురగ వస్తుంది, గీజరు పాడవదు, కానీ టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే అంకె తగ్గదు. మొక్కకు సున్నం కన్నా సోడియమే ఎక్కువ హాని. సాఫ్ట్‌నర్ కన్నా ముందే తోట కోసం వేరే కుళాయి ఉందేమో అసోసియేషన్‌ను అడగండి.

రెండోది ఇంకా విస్తారంగా కనిపిస్తోంది: ఆర్వో వదిలేసే నీళ్లు వృథా చేయకూడదని కుండీల్లో పోయడం. ఉద్దేశం ఎంతో మంచిది. లెక్క మాత్రం ఇలా ఉంటుంది. 800 టీడీఎస్ ఉన్న 3 లీటర్లు లోపలికి వెళ్లి 1 లీటరు మంచినీరు బయటికొస్తే, దానిలో ఉండాల్సిన ఉప్పంతా మిగతా 2 లీటర్లలోకి చేరుతుంది. అంటే వదిలేసే నీళ్లలో టీడీఎస్ 1,100 దాటి 1,200 దగ్గరికి వస్తుంది. అది నేల తుడవడానికి, బాత్‌రూములో వాడుకోవడానికి పనికొస్తుంది. పామ్ కుండీకి పనికిరాదు.

పనికొచ్చేవి వాన నీళ్లు, ఏసీ నీళ్లు. గాలిలోని తేమ చల్లటి గొట్టాల మీద పట్టి కారేదే ఏసీ నీరు, అందులో ఉప్పు దాదాపు ఉండదు. ఈ ఊరి ఉక్కలో రాత్రంతా ఏసీ నడిస్తే బకెట్టు నీళ్లు దిగే రోజులూ ఉంటాయి. పైపు కింద బకెట్టు పెట్టుకుంటే చాలు. ఏసీ సర్వీసు చేసిన తరువాత రెండు రోజులు మాత్రం పారబోయండి, కాయిల్ కడిగిన మందు వాటిలో కలుస్తుంది. సరిపడా దొరక్కపోతే సగం ఏసీ నీళ్లు, సగం మెట్రో నీళ్లు కలిపి పోయండి. పామ్‌లకు ఫ్లోరైడ్ కూడా పడదు. అందువల్ల ఎరువుల్లో సూపర్ ఫాస్ఫేట్ జోలికి పోకండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కొన్నప్పుడు దాన్ని రెండు మూడు నీళ్లలో కడిగి పిండి వాడండి, కడగని పీచులో ఉప్పు ఉంటుంది.

ఇప్పటికే పేరుకున్న ఉప్పును కడిగేయాలి. 10 అంగుళాల కుండీలో 8 నుంచి 10 లీటర్ల మట్టి పడుతుంది. దానికి రెండింతలు, అంటే సుమారు 20 లీటర్ల మంచి నీళ్లు మూడు దఫాలుగా, మధ్య పది నిమిషాలు ఆగుతూ మెల్లగా పోయాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే నీళ్లు కుండీ గోడ పక్కనుంచి జారిపోతాయి, మట్టి లోపల ఉప్పు కదలదు. మట్టి పైన తెల్లగా పొరకట్టి ఉంటే ముందు ఆ అర అంగుళం గీకి తీసేయండి. కింది పళ్లెంలో దిగిన నీళ్లు వెంటనే పారబోయాలి, లేకపోతే అదే ఉప్పు మళ్లీ పైకి లాగబడుతుంది. మూడు నెలలకోసారి ఇలా చేస్తే చాలు. ఈశాన్య రుతుపవనాల్లో అయితే ఎండ తగలని బాల్కనీ అంచున వానలో పెడితే ఆ పనిలో కొంత వానే చేస్తుంది. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోలేదని మాత్రం ముందే పుల్లతో పొడిచి చూసుకోండి. గోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే మొక్కల వేరుగడ్డ బంకమట్టితో గట్టిగా ఉంటుంది, నీళ్లు దానిలోకి దిగకుండా చుట్టూ తిరిగి పోవడం చాలా చోట్ల కనిపిస్తుంది.

ఇక పురుగుల విషయం. ఏసీ గదిలో పామ్‌కు ప్రధాన శత్రువు ఎర్రనల్లి. చెన్నై గాలిలో తేమ ఉంటుంది కదా, నల్లి ఎందుకొస్తుందని అడుగుతారు. ఆ తేమంతా బయట. పగలూ రాత్రీ ఏసీ నడిచే గదిలో, ముఖ్యంగా ఏసీ గాలి నేరుగా తగిలే మూలలో గాలి పొడిగా ఉంటుంది. అగ్నికర్తరి రోజుల్లో ఏసీ ఆపేసి ఆఫీసుకు వెళితే గది వేడెక్కుతుంది. ఆ వేడికి నల్లి గుడ్డు నుంచి పెద్దది కావడానికి వారం చాలు. ఆకు పైభాగాన సన్నటి సూదితో పొడిచినట్టు లేత పసుపు చుక్కలు లెక్కలేనన్ని కనిపిస్తాయి, క్రమంగా ఆకు కాంతి తప్పి బూడిదరంగులోకి తిరుగుతుంది. బాగా ముదిరితేనే ఆకుల మధ్య సన్నటి గూడు కనిపిస్తుంది, అప్పటిదాకా ఆగకూడదు. మట్ట కింద తెల్ల కాగితం పట్టి మట్టను నాలుగుసార్లు తట్టండి. కాగితం మీద మిరియపు పొడి లాంటి నలుసులు పడతాయి. అర నిమిషం కదలకుండా చూడండి. దుమ్మయితే పడ్డ చోటే ఉంటుంది. నల్లి అయితే నడుస్తుంది. వేలితో రాస్తే ఎర్రటి లేదా పచ్చటి గీత పడుతుంది.

మన భాషలో పేర్ల వల్ల కూడా ఇక్కడ ఒక తికమక ఉంది. ఎర్రనల్లి, పిండినల్లి రెండూ నల్లులే అనిపిస్తాయి. ఎర్రనల్లికి ఎనిమిది కాళ్లు, అది సాలీడు వైపు చుట్టం. పిండినల్లికి ఆరు కాళ్లు, అది కీటకం. ఇమిడాక్లోప్రిడ్ పిండినల్లి, తెల్లదోమ లాంటి రసం పీల్చే కీటకాల మీద పనిచేసే మందు. ఎర్రనల్లి దానికి చావదు. నల్లిని తినే చిన్న పురుగులు మాత్రం చచ్చిపోతాయి, నల్లి మునుపటి కన్నా ఎక్కువవుతుంది. దుకాణంలో “నల్లికి మందివ్వండి” అని అడిగితే ఏ నల్లికో వాళ్లకు తెలిసే వీలు లేదు.

ఎర్రనల్లికి మొదటి మందు నీళ్లే. కుండీ నోటిని పాలిథిన్ సంచితో కప్పి కాండం చుట్టూ కట్టేయండి, అప్పుడు కుళాయి నీళ్లు మట్టిలోకి దిగవు. మొక్కను బాత్‌రూములో పక్కకు వంచి, హ్యాండ్ షవరుతో ప్రతి మట్ట అడుగు భాగాన్నీ మొదలు నుంచి కొసకు కడగండి. మధ్య తరహా మొక్కకు ఐదు నిమిషాలు పడుతుంది. ఆరాక, సాయంత్రం పూట వేప నూనె. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేప నూనె, 1 లేదా 2 మిల్లీలీటర్ల గాఢత లేని ద్రవ సబ్బు. ముందు నూనెనూ సబ్బునూ చిన్న గిన్నెలో కలిపి, గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చిలికితే పాలలాగా తెల్లబడుతుంది. నూనె పైకి తేలితే కలవనట్టే, అలాంటిది కొడితే ఆకు అక్కడక్కడ కాలుతుంది. కలిపింది ఆ రోజే వాడేయాలి.

దీనికి కూడా బోరు నీళ్లు వాడొద్దు. సున్నం ఎక్కువున్న నీళ్లలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, పురుగు మీద పనిచేయడానికి సబ్బు మిగలదు. ఏసీ నీళ్లు లేదా ఆర్వో మంచినీళ్లే తీసుకోండి. మొదట ఒక్క మట్టకు కొట్టి రెండు రోజులు చూసి, ఏ మచ్చా రాకపోతే మొక్కంతా ఆకు అడుగున తడిసేలా కొట్టండి. విచ్చుకోని మొవ్వులో మందు నిలవకూడదు, మొక్కను వంచి కారిపోనివ్వండి. పామ్ కాండానికి చిగురు వేసే చోటు అదొక్కటే. అది కుళ్లితే ఆ కాండం పోయినట్టే. ఆరేదాకా కిటికీ ఎండ తగలనివ్వొద్దు. గుడ్లన్నీ ఈ మందుకు చావవు కాబట్టి ఐదు నుంచి ఏడు రోజుల తేడాతో మొత్తం మూడుసార్లు చేయాలి. ఒకసారి కొట్టి తగ్గిందని వదిలేస్తే మూడో వారానికి మళ్లీ కాగితం మీద నడుస్తుంటాయి.

పిండినల్లి దూది ఉండల్లా కాడకూ కాండానికీ మధ్య ఇరుకుల్లో దాక్కుంటుంది. పిచికారీ అక్కడిదాకా వెళ్లదు. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో చెవి పుల్ల ముంచి ఒక్కొక్కదాన్నీ తాకండి, మైనపు పూత కరిగి గోధుమరంగులోకి తిరిగితే చచ్చినట్టు. దగ్గర్లో దీపం, పొయ్యి లేకుండా చూసుకోండి. పొలుసు పురుగును మొద్దు పుల్లతో గానీ పాత టూత్‌బ్రష్‌తో గానీ సబ్బు నీళ్లు రాసి ఊడదీయాలి. చిప్ప కింద ఉన్న పెద్ద పురుగుకు మందు తగలదు, పాకే పిల్లలకే తగులుతుంది, అందుకే ఇక్కడ కూడా వారం తేడాతో మళ్లీ మళ్లీ చూడాలి. చచ్చిన చిప్ప దానంతట అది రాలదు. మూడు వారాల తరువాత కూడా చిప్పలు కనిపిస్తున్నాయంటే మందు పనిచేయలేదని కాదు, గోటితో గీకితే పొడిగా రాలేవి చచ్చినవే.

కుండీ కింద నేల జిగటగా ఉన్నా, ఆకుల మీద మసి పట్టినట్టు నల్లగా ఉన్నా పైన ఎక్కడో పిండినల్లి గానీ మెత్తటి పొలుసు పురుగు గానీ ఉన్నట్టు. అవి వదిలే తీపి జిగురు మీద పెరిగే బూజు అది, ఆకు లోపలికి పోదు. తడి గుడ్డతో తుడిస్తే వస్తుంది. ఆ జిగురు కోసం వచ్చే చీమలు పిండినల్లికి కాపలా కాస్తాయి, వాటి శత్రువుల్ని తరిమేస్తాయి. కాబట్టి చీమల్ని ఆపకుండా పురుగును ఎంత తుడిచినా తిరిగి వస్తుంది. మన ఇళ్లలో స్వీట్ల గిన్నెకు చీమ పట్టకుండా నీళ్ల పళ్లెంలో పెట్టే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది: స్టాండు కాళ్లను నీళ్లున్న చిన్న గిన్నెల్లో పెట్టండి. నీళ్లలో రెండు చుక్కలు సబ్బు వేసి, మూడు రోజులకోసారి మార్చండి, దోమ గుడ్లు పెట్టకుండా ఉంటుంది. ఆకులు గోడకు గానీ కర్టెనుకు గానీ తగలకూడదు, చీమకు అదే వంతెన.

బాల్కనీలో ఉన్న పామ్‌లకు ఇంకొకటి ఉంది. ఆకు అడుగున ముగ్గు వేసినట్టు తెల్లటి మైనంతో గుండ్రటి చుట్లు కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో బయటపడ్డ పురుగు ఇది, ఇప్పుడు పక్క ఇంటి కొబ్బరి చెట్టు మీది నుంచి మన బాల్కనీలోకి వస్తుంది. దీనికి అసలు మందు కొట్టకూడదు. ఎన్‌కార్సియా అనే కంటికి ఆననంత చిన్న కందిరీగ దీని పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. మందు కొడితే ముందు పోయేది ఆ కందిరీగే. నీళ్లతో గట్టిగా కడిగి, పసుపురంగు జిగురు అట్ట ఒకటి వేలాడదీసి ఊరుకోండి.

మిగతా మచ్చలు త్వరగా చెప్పుకోవచ్చు. కిటికీ వైపు ఆకుల మీదే పాలిపోయిన పెద్ద మచ్చ ఉంటే పడమటి ఎండ దెబ్బ. కుండీని మూడడుగులు వెనక్కి జరపండి. పాత మట్టల మీద, వెలుతురుకు పట్టి చూస్తే నారింజరంగు చుక్కలు మెరిస్తే పొటాష్ లోపం, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరుకు 1 గ్రాము కలిపి నెలకోసారి పోయండి. అట్టడుగు మట్ట ఒకటి పసుపెక్కి ఎండటం వయసు వల్ల. పూర్తిగా ఎండేదాకా కోయకండి, మొక్క అందులోని పొటాష్‌ను కొత్త మట్టకు లాక్కుంటూ ఉంటుంది. పసుపు అంచుతో గోధుమరంగు గుండ్రటి మచ్చలు శిలీంధ్రం వల్ల వచ్చేవి. నర్సరీలో పై నుంచి నీళ్లు పట్టినప్పుడు అంటుకుని మొక్కతో పాటు ఇంటికి వస్తాయి. ఇంట్లో ఆకు రాత్రిపూట తడిగా ఉండకపోతే పక్క ఆకులకు పాకవు. ఆకులు మెరవాలని కొబ్బరి నూనె, పాలు రాయడం మాత్రం మానేయాలి. దుమ్ము అంటుకుంటుంది, ఆకు ఊపిరి రంధ్రాలు మూసుకుంటాయి. తడిపి పిండిన పాత పంచె గుడ్డ చాలు.

పొలం మందుల్ని ఇంట్లో వద్దని మేము ఇంత గట్టిగా అనడానికి కారణం గాలి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్నదాన్నే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఆకు మీద కొట్టిన మందు పరుపు మీద, నేల మీద, పాకే పిల్లల చేతుల మీద పడుతుంది. ఆ సీసాల మీద వరి, పత్తి, మిరప అని పంటల పేర్లు, పొలానికి వాడే మోతాదులు రాసి ఉంటాయి. పడకగది కొలతలు వాటి మీద ఉండవు.

కొత్త మొక్క కొన్నప్పుడు మూడు వారాలు మిగతావాటికి దూరంగా పెట్టి, వారానికోసారి కాగితం పరీక్ష, గోరు పరీక్ష చేయమని మీ పాఠకులకు చెప్పండి. ఈసారి ఈ విషయం మీద రాసినప్పుడు పుట్టుచుక్కలున్న కాడ, పొలుసు పురుగున్న ఆకు పక్కపక్కనే ఉన్న ఫొటో ఒకటి వేయగలిగితే వంద మాటలు రాయనక్కర్లేదు.

ఆ పాఠకురాలికి మా జవాబు ఇది. అమ్మా, పిచికారీ ఆపండి. ఇప్పటికే కొట్టి ఉంటే చేతికి తొడుగు వేసుకుని, కుండీ నోరు కప్పి, ఆకులు రెండుసార్లు కడగండి. కుండీలో ఉప్పు కడిగేసి, పోసే నీళ్లు మార్చండి. మాడిన కొసలు బాగోలేదనిపిస్తే ఆకు ఆకారంలోనే వాలుగా కత్తిరించి, గోధుమరంగు సన్నటి అంచు ఒక మిల్లీమీటరు వదలండి. పచ్చ భాగంలోకి కత్తెర వెళితే అక్కడి నుంచి మళ్లీ ఎండుతుంది. మాడిన కొస తిరిగి పచ్చబడదు, కాబట్టి పాత మట్టల్ని చూసి దిగులు పడకండి. ఇప్పుడు మొవ్వులో ఉన్న మట్ట విచ్చుకున్నాక దాని కొస చూడండి. అది రెండు నెలల తరువాత కూడా పచ్చగా ఉంటే నీళ్లు కుదిరినట్టు.

ఇట్లు,
ఇంటి మొక్కల పెంపకందారులు,
పశ్చిమ మాంబళం, చెన్నై